నారింజ చుక్క

వేసవిలో మా వీధికి ఆకాశం ఉండదు.
విన్నిపెగ్‌లో ఈ మూల
ఇటు వరస ఎల్మ్‌లు, అటు వరస ఎల్మ్‌లు
బస్సు నెత్తిమీదుగా కొమ్మలు కలుపుకుని
మా తాతల నాటినుంచీ ఏదో చెప్పుకుంటూనే ఉన్నాయి.

జూన్ చివర
ఒరీసియా గుమ్మంలో నిలబడి తల పైకెత్తింది.
అంత పచ్చదనంలో ఒక్క కొమ్మ
పసుపు తిరిగి, ముడుచుకుని,
పెళ్ళిలో అలిగి మూల కూర్చున్న మనిషిలా.

ఇరవై తొమ్మిదేళ్ళు రాత్రి డ్యూటీలు చేసిన నర్సు.
తన ఇంటి ముందు చెట్టు మీద
సిటీ ఆఫీసుకి ఫోన్ చేసింది తనే.

ప్రతి మంగళవారం చర్చి నేలమాళిగలో
ఎండు కొమ్మల సంచితో ఆమె పాఠం:
"బెరడు గీకి చూడండి, ఈ గోధుమరంగు చారలు.
శత్రువు పాకకుండా
చెట్టు తన నీళ్ళదారులు తనే మూసుకుంటుంది.
ఆ మూసుకోవడంతోనే దాహంతో పోతుంది.
ఎండాకాలం కొమ్మ కొయ్యకండి,
పచ్చిగాయం వాసన పురుగుకి పేరంటం.
ఎల్మ్ కట్టెలు పొయ్యికని దాచకండి."

తొమ్మిదేళ్ళ జోమారీ చెయ్యెత్తాడు:
"గాయానికి కట్టు కడితే మానదా?"

ఎన్ని వేల కట్లు కట్టిన చేతులో అవి.
కాసేపు కొమ్మనే చూసుకుంది.
"మాను మానదురా.
గాయాన్ని లోపలే పెట్టుకుని
చుట్టూ పెరుగుతుంది, అంతే."

జులైలో సిటీ కుర్రాడొచ్చి
ఆమె చెట్టుకి నారింజ రంగు చుక్క కొట్టాడు.
బొట్టు పెట్టి రంపాన్ని పిలిచినట్టు.
ఆమె కళ్ళలోకి చూడకుండా వెళ్ళిపోయాడు.

ఆగస్టులో పిరోగీల విందు.
మన కజ్జికాయల ఆకారమే,
లోపల బంగాళాదుంపా జున్నూ.
చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకుంటారంటారే,
మేం నిజంగానే అమ్ముకున్నాం.
కాఫీ డబ్బాలో మూడువేల నూటనలభై డాలర్లు,
అందులో జోమారీ పుట్టినరోజు పన్నెండు.

అప్పుడు మొదలైంది గొడవ.

"బతికున్న వాటికి సూదిమందు వేయిద్దాం,
ఈ ఏడే" అన్నాడు మూలింటి ఫెర్గస్.
బల్ల గుద్దలేదు. గొంతు మాత్రం వణికింది.

యూనివర్సిటీ నుంచి వచ్చిన మిరేయ్
ఒక్క తీపిమాటా చెప్పలేదు:
"ఇది ఒక విద్యార్థికి రెండు నెలల జీతం,
కొన్ని గాజుగొట్టాలు.
జబ్బు సోకినా చావని ఎల్మ్‌లు కొన్ని ఉన్నాయి.
ఎందుకు చావలేదో తెలీదు.
తెలుస్తుందని మాటివ్వలేను."

కాఫీలు చల్లారిపోయాయి.
ఎవరిదో చంటిపిల్ల ఏడుస్తోంది.

ఒరీసియా చెయ్యి ముందు లేచింది.
"నా చెట్టు ఎలాగూ పోతోంది.
దాని దినానికి ఏం పెట్టాలో నేను చెప్తాను.
ఈ పిల్ల గాజుగొట్టాలకివ్వండి."

పదిహేడుకి పద్నాలుగు.
ఓడిన పద్నాలుగుమందిదీ తప్పు కాదు.
అది నేను రాసిపెడుతున్నాను.

సెప్టెంబరులో చెట్టు కొట్టేశారు.
ఆమె వంటింట్లోకి మొదటిసారి
మధ్యాహ్నపు ఎండ నేరుగా వచ్చి
నలభయ్యేళ్ళ దుమ్ముని చూపించింది.
గుడ్డ తీసి తుడిచింది. మళ్ళీ తుడిచింది.

ఫిబ్రవరి. బయట మైనస్ ముప్ఫై రెండు.
మిరేయ్ దగ్గర్నుంచి ఉత్తరం:
ఫలితాలు స్పష్టంగా లేవు,
మరిన్ని నమూనాలు కావాలి.

ఒరీసియా కళ్ళద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివి,
ఫ్రిజ్ తలుపుకి అంటించి,
పిండి బస్తా ముందుకి లాక్కుంది.
"ఈసారి ఉల్లిపాయ ఎక్కువెయ్యాలి" అంది.

జోమారీ బడికి తలెత్తే నడుస్తాడు,
ఒక్క ఆకూ లేని ఈ కాలంలో కూడా,
ప్రతి కొమ్మనీ చూసుకుంటూ.
ఇప్పటికి రెండుసార్లు
ఐసు మీద జారిపడ్డాడు.