సవరణ

ప్రమోషన్ ఫారంలో పదమూడో గడి:
మీ పరిశోధన ప్రభావం, అంకెల్లో.

టెక్కలిలో కరెంటు పోయి గంటైంది.
ఫోను వెలుగులో లెక్క పెట్టుకుంటున్నాను.
పద్దెనిమిది వ్యాసాలు,
రెండొందల ఆరు ఉల్లేఖనలు.
అందులో ముప్పై ఒకటి నావే,
మన పెళ్లికి మనమే చదివింపులు రాసుకున్నట్టు.
నూట నలభై మూడు
ఒక్క దగ్గుతీగ తెచ్చిపెట్టినవి.

బ్రెజిల్ నుంచి ఒకాయన
పన్నెండు మంది పేర్ల గుంపులో నన్ను నిలబెట్టాడు,
పెద్ద ఫొటో అంచున సగం చెవి పడ్డట్టు.
ఇంకెవరి పట్టికలోనో శ్రీకాకుళం ఒరిస్సాలో ఉంది.
ఒకావిడ నాతో విభేదించింది.
ఆవిడ మాత్రం పూర్తిగా చదివింది,
ఆవిడకో దణ్ణం.

ఆ తీగకి శాస్త్రంలో ఉన్న పేరు
నూటయాభై ఏళ్ల కిందట పోయిన ఒక దొరది.
ఆయన ఈ కొండ ఎక్కాడో లేదో.
నన్ను ఎక్కించింది సవర సుంబరి.
మెళియాపుట్టి దాటాక
తారురోడ్డు అలిసిపోయిన చోట
కత్తి నడుముకి దోపుకుని
"బేగి నడండి మేడమ్మా, వాన దిగిపోతాది" అంటూ.

పసిపిల్ల దగ్గుకి రెండాకులే తెంపుతుంది.
మూడోది తెంపదు.
ఎందుకంటే నవ్వింది:
"రేపూ దగ్గొత్తాది కదేటి."
ఆ మాటే నేను ఆరు పేజీల్లో రాశాను.
చివర, చిన్నక్షరాల్లో,
స్థానికుల సహకారానికి కృతజ్ఞతలు.
ఆమె బహువచనంలో కలిసి మాయమైంది.

మూడోరోజు వాన. ఐదింటికి ఆఖరి బస్సు.
తూర్పు వాలంతా వెతికాం: పదకొండు మొక్కలు.
పడమటి వాలుని కిందనుంచి, గొడుగులోంచి చూశాను.
పడమట కనిపించలేదు, అని రాశాను.
బస్సు అందింది.

నూట నలభై నాలుగో ఉల్లేఖన
ఏ లెక్కలోకీ రాలేదు.
గ్రానైటు క్వారీ వాళ్ల నివేదిక, డెబ్భై రెండో పేజీ.
నా పేరు, సంవత్సరం, పేజీ నంబరు
(అంత శుభ్రంగా నన్నెవరూ ఉదహరించలేదు)
పడమటి వాలులో ఈ మొక్క లేదు.

కనిపించలేదుకీ లేదుకీ మధ్య
అరకొండ పడుతుందని
నాకప్పుడు తెలిసింది.
ఆ అరకొండ ఇప్పుడు పలకలై, నున్ననై,
ఎవరి వంటింటి గట్టు మీదో
పాలు పొంగితే తుడిపించుకుంటూ ఉండాలి.

మొన్న మళ్లీ వెళ్లాను.
పదకొండులో నాలుగున్నాయి, ఆకుల మీద తెల్లటి పొడి.
సుంబరి గుమ్మంలో కూర్చుని దగ్గుతోంది.
చిన్నపిల్ల దగ్గు కాదది.
ఎంతమంది చదివారో చెప్పాను, ఏదో ఒకటి చెప్పాలని.
"ఓలమ్మ! నూట నలభైమందే!
మరి ఒకలైనా వొచ్చి సూసినారా?"
రాయడానికి రానక్కర్లేదన్నాను.
దగ్గు తెరిపిచ్చేదాకా ఇద్దరం ఊరుకున్నాం.
అప్పుడంది, పోయిన కోడిపెట్ట సంగతి చెప్పినట్టు తేలిగ్గా:
"పడమటేపే మాయమ్మ కోసీది.
మీరడగనేదు."

కరెంటొచ్చింది. ఫ్యాను కింద ఫారం రెపరెపలాడుతోంది.
పదమూడో గడి అలాగే ఉంది.
ముందు ఆ పత్రికకి ఉత్తరం రాయాలి.
ఇంగ్లీషు సంగతి తెల్లారాక చూసుకోవచ్చని
చిత్తుపుస్తకంలో తెలుగులోనే మొదలెట్టాను.
పైన, నడిమధ్య,
సవరణ అని రాయబోతే
మూడక్షరాల దగ్గర పెన్ను ఆగింది.

నాలుగోది రాయలేదు.
పక్కనే ఆమె పేరు రాశాను,
రచయితల వరసలో, నా పేరుకి ముందు.