పదిహేడో మనిషి

తోర్స్‌హావ్న్‌లో మంత్రుల కచేరీకి
గడ్డి పైకప్పు.
వేసవిలో నిచ్చెన వేసుకుని కోస్తాను.
మిగతా రోజుల్లో నా పని
తలుపులకి పేర్లు బిగించడం,
విప్పడం.

ముప్పై మూడు కుర్చీల సభ మాది.
సగమంటే పదహారున్నర.
అర మనిషి ఏ దీవిలోనూ దొరకడు గనక
పదిహేడో మనిషి కోసం
మూడు పార్టీలు
పంతొమ్మిది రాత్రులు దీపాలార్పలేదు.

కాఫీ నేనే పోశాను.
మొదటి రాత్రి గాలికెండిన గొర్రెమాంసం, వెన్న, నవ్వులు.
పదో రాత్రికి బిస్కెట్లు.
ఆ తర్వాత చక్కెర ఎవరు వేసుకుంటున్నారో
ఎవరు మానేశారో చూసి
బేరం ఎందాకా వచ్చిందో చెప్పగలిగేవాణ్ణి.

తిమింగలాల మంద ఒడ్డుకొచ్చిన రోజు
పోగులు వేసినట్టే వేశారు శాఖలు.
చేపలు ఒకరికి, పన్నులు ఒకరికి.
సంస్కృతి శాఖని
ఆ చివర్నుంచి ఈ చివరికి తోశారు
ఉప్పు గిన్నెలా.
అది హెర్బోర్గ్ ముందు ఆగింది.
ఆవిడ కళ్ళజోడు తుడుచుకుంది, ఏమీ అనలేదు.

హోగ్ని ఒక్కడే శాఖ అడగలేదు.
దక్షిణపు దీవి వాడు,
రెండు గంటలు ఫెర్రీలో కక్కుకుంటూ వచ్చేవాడు.
"మా ఊరికి సముద్రం కింద సొరంగం" అన్నాడు, అంతే.
మొదటి చిత్తులో "తవ్వుతాం" అని ఉంది.
రెండోదాంట్లో "తవ్వడానికి చర్యలు తీసుకుంటాం."
సంతకాల నాటికి
"తవ్వే అవకాశాన్ని పరిశీలించే దిశగా అడుగులు వేస్తాం."
వాక్యం పొడుగవుతున్నకొద్దీ
సొరంగం పొట్టిదైంది.
హోగ్ని రెండుసార్లు చదివాడు.
నా పెన్ను అడిగి సంతకం పెట్టాడు.
పెన్ను తిరిగివ్వలేదు.

ఎనిమిది పేర్లు. ముప్పై రెండు స్క్రూలు.
ఫోటోకి మెట్ల మీద నిలబడ్డప్పుడు
రన్వా, మా కొత్త ప్రధాని,
అందర్నీ దగ్గరికి జరగమంది.
జరిగారు, మోచేతులు మడుచుకుని.
కప్పలు మా దీవుల్లో అరుదు.
తక్కెడ మాత్రం ఉంది.

పదకొండు నెలలు.

మాకరెల్ కోటాల బిల్లు రోజున
హోగ్ని ఫోన్ చేశాడు:
గాలి. ఫెర్రీ కదలదు. రాలేను.
సొరంగం ఉంటే వచ్చేవాణ్ణే, అని కూడా
అన్నాడట. అనలేదనీ అంటారు.

పదహారు చేతులు లేచాయి.
అవతల పదహారు.
మధ్యలో ఒక ఖాళీ కుర్చీ,
దాని వీపుకి ఎవరిదో మఫ్లర్.

మా చెల్లెలుండేది ఆ దీవిలోనే.
ఆ రోజు దుప్పట్లు ఆరేసిందట.
క్లిప్పులు కూడా పెట్టలేదట.

నేనెవరికీ చెప్పలేదు.
రన్వా కిటికీ దగ్గర నిలబడి
ఎదుటి ఇంటి మీది గడ్డిని చాలాసేపు చూసింది.
ఒక్క పోచ కదల్లేదు.
ఆవిడా ఎవర్నీ ఏమీ అడగలేదు.
తాగిన కప్పు తనే కడిగి బోర్లించి
రాజీనామాకి కాగితం ఉందా అంది.
ఆ గొంతులో, నేను పొరబడి ఉండొచ్చు,
తడిసిన బూట్లు విప్పుకున్న మనిషి హాయి.

రాత్రే విప్పడం మొదలుపెట్టాను.
ముప్పై రెండు స్క్రూల్లో ఒకటి దొరకలేదు.
హెర్బోర్గ్ వచ్చి తన పేరు తనకిమ్మంది.
ప్రభుత్వ సొత్తు, అన్నాను.
అన్నాక నాకే బాగోలేదు.
ఆవిడ దాన్ని కోటు కింద పెట్టుకుంటుంటే
అటు తిరిగి చీపురు వెతుక్కున్నాను.

ఇప్పుడు మళ్ళీ కింద కాఫీ వాసన.
ఇద్దరు పాతవాళ్ళు, ఒక కొత్తాయన,
వాళ్ళ నడుమ హోగ్ని,
జేబులో నా పెన్ను.

తలుపు చెక్క పాతది.
ఇన్ని పేర్లు మోసి చిల్లులు వదులయ్యాయి.
స్క్రూ ఊరికే తిరుగుతోంది.
అగ్గిపుల్ల విరిచి, జిగురు రాసి,
చిల్లులో దూర్చి చూశాను.
పట్టింది.
వేసవి దాకా ఆగితే చాలు,
గడ్డి కోయడానికి ఎలాగూ
నిచ్చెన బయటికి తీస్తాను.