మైనస్ ఆరు

సోహార్‌ల తొమ్మిదో ట్యాంకుకు
పైపు మూతి కొయ్యాలె.
కాగితం మీద జాగ రాసి ఉంది:
నడిమి నుంచి అడ్డంగ మైనస్ ఆరు మీటర్లు,
నిలువుగ పదీ ముప్పై తొమ్మిది.

అడ్డం నిలువుల భాష నాకు రాదు.
ట్యాంకు గుండ్రం. లోపటంత పరంజి కట్టెలు, గొలుసులు,
ఆ నడిమిట్లకు ఎవడు పోయి కొలుస్తడు?
నా టేపు రేకు మీదనే తిరుగుతది.
తూర్పున ఉన్న సున్న గీత నుంచి
ఎంత దూరం నడవాలెనో చెప్పుర్రి, చాలు.

తంకచ్చన్ ఫోర్‌మన్ ఫోన్ తీసిండు.
పదీ ముప్పై తొమ్మిదిని పన్నెండుతోటి భాగించిండు,
ఏదో మీట నొక్కిండు,
పన్నెండు మీటర్ల యాభై ఏడు అన్నడు.
కొలిచిన. సుద్దతోటి గీసిన.
గ్యాసు ముట్టించిన.
మంట రేకును అప్పుడే కొరుకుతున్నది.

"జర ఆగు బావా."

ఓదెలు.
డిప్లమా రెండో యేడు విడిచిపెట్టి వచ్చినోడు,
సర్వే కర్ర పట్టుకుని ఎండల నిలవడుడే వాని పని,
జీతం నాకన్న ఇరవై రియాళ్ళు తక్కువ.
"నీ గీత ఎటు జూస్తున్నది?"
సముద్రం దిక్కు.
"పంపుహౌసు ఎటున్నది?"
...
గ్యాసు బందువెట్టిన.

వెల్డింగు రాడ్డు ఇసుకల గుచ్చి
సుతిలి కట్టి చుట్టు గీసిండు.
"ఈ సుతిలి పొడుగు ఒకటి అనుకో.
మన పన్నెండు మీటర్లు గిదే.
ఏ కొలతనైనా పన్నెండుతోటి భాగించు, ఇందుల వడ్తది.
మైనస్ ఆరు, మైనస్ సగమైతది.
పదీ ముప్పై తొమ్మిది, పాయింట్ ఎనిమిది ఆరు ఆరు."
చుట్టు మీద రెండు చుక్కలు పెట్టిండు,
ఎద్దు కొమ్ములోలె, ఒక్కటే నిలువు.
"ఫోన్‌కు నిలువు ఒక్కటే చెప్పిండు,
అది కుడి కొమ్ము చూపెట్టింది.
దాని తప్పేం లేదు. మైనస్ సంగతి దానికెవరు చెప్పిండ్రు?"

రాడ్డు నుంచి సుతిలి విప్పి
చుట్టు మీద పరిచిండు.
"కోణమంటే నడక బావా.
సుతిలంత నడిస్తే ఒక రేడియన్.
ఎడమ కొమ్ము దాక చూడు,
రెండు సుతిళ్ళు, పైన వేలెడు.
సగం చుట్టు పై కదా,
దాన్ని మూడు పాళ్ళు చేస్తే అండ్ల రెండు పాళ్ళు.
ఇగ పన్నెండుతోటి గుణించు."

ఇరవై ఐదు మీటర్ల పదమూడు.
తంకచ్చన్ ఫోన్ జేబుల పెట్టుకుని
హెల్మెట్ తీసి తల తుడుచుకున్నడు.
ఆ రోజు చాయ పైసలు ఆయనే ఇచ్చిండు.

రాత్రి క్యాంపు వెనుక
నేనొక్కన్నే సుతిలి పరిచి చూసిన.
ఒకటి, రెండు, మూడు... ఆరు.
ఆరు పెట్టినా చుట్టు మూసుకోలే,
జానెడు తెరిచే ఉన్నది.
ఓదెలును లేపి అడిగిన, ఈ జానెడు ఖరాగా ఎంత?
"దాని లెక్క ఒడువది బావా.
నీ వీసా ఒడుస్తది, అది ఒడువది. పండు."

ట్యాంకుకు తెల్లరంగు వేసిండ్రు.
పన్నెండు యాభై ఏడు కాడ
గింజంత గాటు. నేనే పూడ్చిన, నేనే అరగదీసిన,
ఇన్‌స్పెక్టరుకు సుత దొరకలే.
అటు పోయినప్పుడు వేలుతోటి తడుముత.
నిలువు మాత్రం సరిగనే ఉండె.