దీపం దిగిన రాత్రి

మా రేవు దీపస్తంభం
ఒక్కసారీ సముద్రం చూడలేదు.
తాటిచెట్టంత ఎత్తు కూడా ఉండదు.
గుల్లసున్నం గోడ, పద్నాలుగు మెట్లు,
పైన అద్దాల గూట్లో కిరసనాయిలు దీపం.
ఇసకపల్లి ఉప్పు, సరుగుడు కట్టెలు,
మదరాసుకు పోయే తమలపాకు బుట్టలు
ఆ వెలుగు పట్టుకునే
కాలవ గట్టుకు ఒరిగేవంట.

దీపం పెట్టేది దస్తగిరి.
నెలకు ఆరు రూపాయలు,
రాత్రికి పావుసేరు నూనె,
తెల్లారితే బైండు పుస్తకంలో ఒకటే మాట:
వెలిగింది.
జ్వరమొచ్చిన రోజూ వెలిగింది.
గాలివానకు అద్దం పగిలితే
అరచేతులు అడ్డం పెట్టి, వెలిగింది.
పెళ్లినాడు తమ్ముడి వంకర అక్షరాల్లో
వెలిగింది.

ముప్పయ్యారో సంవత్సరం, నవంబరు.
గట్టెమ్మట తాడు లాగే చెంచయ్య పెళ్లానికి
కట్టెల పడవలోనే నొప్పులు.
బిడ్డ అడ్డం తిరిగింది.
"నా చెయ్యే నాకు కనపడటంలా,
ఎవరన్నా వెలుతురు తెండిరా!"
తుపాకుల మంగి కేక
పద్నాలుగు మెట్లూ ఎక్కింది.
దస్తగిరి దీపం దించుకొచ్చాడు.

ఆ గంటన్నరలో
వెనకొచ్చే ఉప్పు పడవ రేవు కానక
లాకు తలుపును గుద్దుకుంది.
నూటిరవై బస్తాలు.
అసలే ఉప్పటి కాలవ,
అందులో ఇదొక లెక్కా అనేది మా అవ్వ.
ఉప్పు కొటారు దొర లెక్క వేరు.
దస్తగిరికి రెండు నెలల జీతం జుల్మానా.

పుస్తకంలో ఏం రాయాల?
వెలిగిందంటే దొరతో అబద్ధం,
వెలగలేదంటే పసిబిడ్డతో.
ఆ గడి వదిలేశాడు.

పింఛను కాగితాల కాడ
పుట్టిన తేదీ అడిగితే చెంగమ్మవ్వ
"దీపం దిగిన రాత్రి" అన్నది.
గుమాస్తా జనవరి ఒకటి వేశాడు.
మా ఊళ్లో సగం మంది
ఆ రోజే పుట్టారు.

ఇప్పుడు కాలవ నిండా గుర్రపుడెక్క.
స్తంభంలో రొయ్యల మేత బస్తాలు.
పుస్తకం మాత్రం దొరికింది,
నెల్లూరులో, దస్తగిరి మనవరాలు మాబున్ని ఇంట్లో,
కుట్టుమిషను కాలు కింద ఎత్తుకి.
"ఇస్తే మిషను కదుల్తాది సార్,
కావాలంటే ఆ కాగితం చించుకోండి."
చెదలు కొంత తిన్నాయి.
పైన వెలిగింది, కింద వెలిగింది,
మధ్యలో వేలెడు తెలుపు.
మా అవ్వ.

చించబుద్ధి కాలేదు.
కరెంటు పోయింది అప్పుడే.
ఫొటో తీద్దామని వంగితే
చేతిలో ఫోను, నేనేమీ నొక్కకుండానే,
వెలిగింది.