ఉప్పు తిన్న పేర్లు

పురపాలక భవనం మెట్ల పక్కన
దేవదారు చెక్క పలక.
పైన "ఈ ఊరిని తీర్చిదిద్దినవారు" అని,
కింద పద్దెనిమిది పేర్లు.
యాడ్రియాటిక్ మీంచి వచ్చే బోరా గాలి
ఏటా వాటిని నాకేస్తుంది.
ఏప్రిల్ రాగానే నిచ్చెన వేసుకుని
నేనే మళ్ళీ దిద్దుతాను.
ఇది ముప్పై ఒకటో ఏడు.
నా చేతికి నా పిల్లల పేర్లకన్నా
వీళ్ళ పేర్లే బాగా అలవాటు.

మొదటివాడు కౌంట్ లోడోవికో.
అలలకడ్డంగా రాతికట్ట కట్టించాడంటారు.
నిజమే, కట్టించాడు.
మోసినవాళ్ళలో మా ముత్తాత ఒకడు.
ఆయన వంగిన నడుముకి పలక మీద చోటు లేదు.
సరే, నడుముల్ని ఏ అక్షరాలతో రాస్తారు?

ఐదో పేరు డాక్టర్ ఎర్మాన్నో కొస్సెత్తా,
కలరా నుంచి ఊరిని కాపాడినవాడు.
మా అమ్మమ్మ చెప్పేది వేరు.
డాక్టరుగారి బండి కొండ దిగనే లేదు.
దిగింది చాకలి ఓర్సోలా.
రోగుల దుప్పట్లన్నీ కాగుల్లో ఉడకబెట్టి,
ఆ రాత్రే చావడి బావి గొలుసు తెంపి
సముద్రంలో పారేసింది.
ఊరంతా ఆమెను తిట్టిపోసింది.
మూడు వారాలు వాననీళ్ళు తాగి,
బతికి,
కొత్త గొలుసు కొన్నాక కూడా తిట్టింది.

ఉప్పుమడుల అడుగున
పాచి ఒక పొర కడుతుంది,
గోరంత మందం, గోధుమ రంగు.
అది చిరిగితే ఉప్పులో మట్టి,
అది నిలిస్తే ఉప్పు మల్లెపువ్వు.
మగవాళ్ళంతా యుద్ధానికి పోయిన ఏళ్ళలో
ఆ పొరను పురిటిబిడ్డలా కాచింది
యుస్టీనా పరోవెల్.
ఒకనాడు పటాలం వచ్చి
మడులకు అడ్డంపడి నడవబోతే
బూట్లు విప్పమంది.
వింత ఏమిటంటే, విప్పారు.
భుజాన తుపాకి, చేతిలో బూట్లు,
మునివేళ్ళ మీద
దొంగల్లా దాటింది సైన్యం.
ఏ దేశపు సైన్యమో
ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు.

ఇక సరిహద్దు పడిన రోజు.
అధికారులు గీసి వెళ్ళిన సున్నపుగీత
అదే బావిని
అవతలి దేశానికి రాసిచ్చేసింది.
పడవ నడిపే బెప్పో గ్రిసోన్, నత్తివాడు,
ఎవరితోనూ రెండు మాటలు కలపనివాడు,
ఆ రాత్రి పార భుజాన వేసుకుని
పదకొండు గుంజలు పీకి
నలభై అడుగులు జరిపి పాతాడు.
సున్నం కూడా కొత్తగా పోశాడు, పాపం,
చెయ్యి వణికి కాస్త వంకరగా.
తెల్లారి అవతలి కాపలావాడు చూశాడు.
గుంజల్ని చూశాడు, బావిని చూశాడు,
చాలాసేపు చూశాడు.
సిగరెట్టు వెలిగించుకుని
వీపు తిప్పుకున్నాడు.
బెప్పో పేరు పలకెక్కితే
మళ్ళీ కొలతలకు వస్తారని పెద్దల భయం.
ఆ కాపలావాడి పేరైతే
మాలో ఎవరికీ తెలీదు.

ఈ ఏడు మేయరమ్మ కబురు పంపింది.
పంతొమ్మిదో పేరు చేర్చాలట.
తూర్పు మడులు పూడ్చి హోటలు కడుతున్న
సెర్జో వాల్దెమారిన్.
అది కూడా బంగారు రంగులో.
రాశాను.
కూలి తీసుకున్నాను, అబద్ధమెందుకు.
అస్తరు మాత్రం వేయలేదు,
రంగులో అవిసెనూనె కలపలేదు.
క్రిస్మస్ లోపు
గాలి తన పని తను చూసుకుంటుంది.

పలక నా ఇంట్లో ఉన్న ఆ వారంలోనే
దాన్ని బోర్లా తిప్పి,
గోడకానే వైపు, ఉలితో,
ఓర్సోలా.
యుస్టీనా.
బెప్పో.
కాపలావాడికి ఒక గీత.
రంగు పూయలేదు.
రాలేది రంగే కదా.

నిచ్చెన దిగి మడుల వైపు నడిచాను.
గట్టు మొదట్లో చిన్న కొయ్యముక్క ఉంటుంది,
"చెప్పులు ఇక్కడ విప్పండి" అని.
ఎక్కడినుంచో వచ్చిన ఒక కుటుంబం
ఎందుకని అడక్కుండానే విప్పుతోంది.
పిల్లాడు ఒక మేజోడు చేత్తో పట్టుకుని
రెండోదాని కోసం వెతుకుతున్నాడు.
ఆ బోర్డు నేను రాసింది కాదు.
ఎవరు రాశారని ఊళ్ళో అడిగితే
అదెప్పుడూ అక్కడే ఉందిగా అంటారు.