రెండువందల పదకొండో పేజీ

బెర్గెన్‌లో వాన పడని రోజు
నేను తప్పులు ఎక్కువ కొట్టేదాన్ని.
ఆ చప్పుడుకి అలవాటుపడ్డ వేళ్లు.
ముప్పై ఒక్క ఏళ్లు సముద్రశాస్త్ర విభాగంలో టైపిస్టుని;
ఎందరు డాక్టర్లయ్యారో
నా భుజాల నొప్పినడిగితే చెబుతుంది.

షూర్ మ్యెల్దె మొదటిసారి తెచ్చింది
పన్నెండు పేజీలు. చివరి వాక్యం ఇంకా గుర్తే:
"హెర్రింగ్ చేప లేదు, ఎందుకంటే మనమే పట్టేశాం."
కొట్టడానికి అర నిమిషం పట్టలేదు.

ప్రొఫెసర్ త్వైట్నెస్ కళ్లద్దాలు తుడుచుకున్నాడు.
"ఇది మా వంటమనిషీ చెప్పగలదు" అన్నాడు
కోపంగా కాదు, జాలిగా,
మంచులోకి కోటు లేకుండా వచ్చిన పిల్లాణ్ణి చూసినట్టు.

కోటు తొడిగారు.
ఉష్ణోగ్రత, లవణీయత, ప్లవకాలు,
పదిహేడు చలరాశులు, వాటి మధ్య బాణాలు,
బాణాల మీంచి బాణాలు.
నాలుగేళ్లు. మూడువందల ఎనభై పేజీలు.
గ్రీకు అక్షరాలు నా మిషన్‌లో లేవు,
ఖాళీలు వదిలితే రాత్రుళ్లు కూర్చుని
సన్నని పాళీతో అతనే నింపేవాడు.
కుర్రాడి జుట్టు పల్చబడింది.

ఆ వాక్యం ఏమైందా అని వెతికాను.
రెండువందల పదకొండో పేజీ అడుగున,
గీత కింద, చీమ తలకాయంత అక్షరాల్లో:
"వేట ప్రభావాన్ని కూడా పూర్తిగా తోసిపుచ్చలేము."

కాఫీ గదిలో ఇది చెప్పుకుని
మేం టైపిస్టులం ఎంత నవ్వామో.

కానీ మా నాన్న.
నలభై ఏళ్లు వల లాగినవాడు,
బైబిలు తప్ప పుస్తకం తెరవనివాడు.
ఆయన దగ్గరా ఒక చిన్న వాక్యం ఉండేది:
"సముద్రం ఒట్టిపోయే ఆవు కాదు."
ఎంత పొట్టిగా ఉందో చూడండి. ఎంత నున్నగా.
దాన్ని నమ్మే కొత్త పడవకి అప్పు చేశాడు.
ఆ శీతాకాలం
వలకి తడి తప్ప ఏమీ అంటలేదు.

షూర్ మొదటి పన్నెండు పేజీల కార్బన్ కాపీ
నా సొరుగులోనే ఉండిపోయింది.
ఒక ఆదివారం పట్టుకెళ్లి నాన్నకి చదివాను,
చివరి వాక్యం రెండుసార్లు.
ఆయన పైపు పక్కన పెట్టాడు.
"ఎన్ని టన్నులట? ఏ ఏడు ఎంత?"

పన్నెండు పేజీల్లో అది లేదు.

మరుసటి ఆదివారం పెద్ద పుస్తకం మోసుకెళ్లాను.
నూటనలభయ్యో పేజీ, నేనే కొట్టిన పట్టిక,
నిలువు వరసలు కుదరక ఏడిపించినది.
నాన్న వేలు ఏళ్ల వెంట దిగుతూ దిగుతూ
ఒకచోట ఆగింది.
"ఇందులో నేను పట్టినవీ ఉన్నాయా?"

ఉన్నాయన్నాను.

వేలు తియ్యలేదు.