లెక్కలో చెట్టు

మోంటెవిడియో నగరపాలిక
తన చెట్ల చిట్టా అంతా తెచ్చి వీధిలో పెట్టింది:
సంఖ్య, జాతి, చుట్టుకొలత.
ఎవరైనా తీసుకోవచ్చు, ఏమైనా కట్టుకోవచ్చు.

పై వాటాలో ఎబేర్
రెండు రాత్రులు మాతే తాగుతూ
దానితో ఒక పటం అల్లాడు.
పెసలు ఒలికినట్టు ఆకుపచ్చ చుక్కలు.

నీడియా తన గుమ్మం వెతుక్కుంది.
ఉంది. తురకవేప. నలభైవేల పన్నెండు.
కిటికీ తీసింది.
కిందటేటి గాలివాన మిగిల్చిన మొద్దు,
దానికి ఎవరిదో సైకిలు గొలుసు.

"ఈ చెట్టు లేదు" అని రాసి పంపింది.
నిజం కదా మరి.

పంతొమ్మిదో రోజున జవాబు:
సరిచేశాం, ధన్యవాదాలు.

పటంలో ఆ చోటు తెల్లగా ఉంది,
ఎండ పడ్డట్టు.

చాలాసేపు చూసి
మెట్లెక్కి, ఎబేర్ తలుపు తట్టింది.
"పాతది
ఎక్కడైనా దాచావా నాయనా?"